బాబాయి విన్న గురక

అక్కా,

పొద్దుటినుంచీ వాన. ధాన్యం రాశి మీద పట్టా కప్పి కోర్టుకు వెళ్లాం. గోదాము తగలబడిన రాత్రి బావ గురక పక్కగదిలోంచి విన్నానని బాబాయి తడుముకోకుండా చెప్పాడు. బావకున్న సాక్షి ఆయనొక్కడే. అవతలి లాయరు వీపు తిప్పి, కిటికీలోంచి చూస్తూ, "వాన ఇంకా పడుతోందా, పెద్దాయనా?" అన్నాడు. బాబాయి పలకలేదు. అందరూ తనవైపే చూస్తుంటే, "కాస్త ఇటు తిరిగి మాట్లాడు నాయనా" అన్నాడు.

"మరి గురకెలా వినబడింది?" అన్నారు జడ్జి.

మిల్లులో పోయిన చెవులు. ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటులో పడి, ఆ సంగతి మన లాయరుకు ఎవరమూ చెప్పలేదు. నువ్వు పురుటి మంచం దిగి రావద్దు. బాబాయిని ఏమీ అనకు.

బావను మూడింటికి మళ్లీ జైలుకు తీసుకెళ్లారు. బాబాయి అన్నం తినకుండా సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.