బూటుతో తుడిచిన అచ్చు

నవంబర్ 2
జట్టు ఎంపిక పోటీ అయిపోయింది. లావణ్య గెలిచింది. నాలుగేళ్లుగా నా దగ్గరే టెన్నిస్ నేర్చుకుంటున్న పిల్ల. అందరూ నాకే షేక్‌హ్యాండ్ ఇచ్చారు. మిఠాయి పెట్టారు... తినకుండా పక్కన పెట్టేశాను.

నవంబర్ 3
రాయాలి. ఇక్కడైనా.

అంపైర్ రాలేదు. నన్ను కుర్చీ ఎక్కమన్నారు. ఆడేది నా శిష్యురాలే, నాకొద్దు — అనాల్సింది. అనలేదు. ఇంకొక్క పాయింట్ వస్తే అవతలి పిల్ల నజ్నీన్ గెలిచేది. ఆమె కొట్టిన బంతి గీత మీద పడింది. నా కళ్లతో చూశాను. "అవుట్" అన్నాను.

"మేడమ్, అచ్చు చూడుండ్రి!" అని అరిచింది నజ్నీన్.

మట్టి కోర్టు. బంతి పడ్డచోట అచ్చు ఉంటుంది. అంపైర్ దిగి చూడాలి. దిగాను. వంగి చూస్తున్నట్టు నటించి, బూటుతో తుడిచేశాను. ఆటగాళ్లు నెట్ దాటకూడదు. నజ్నీన్ దాటలేదు, నన్ను నమ్మి. ఆ తర్వాత పాపం ఆ పిల్లకు చేతులాడలేదు.

ఒకప్పుడు రాష్ట్రానికి ఆడిన మనిషిని. సిగ్గుండాలి నాకు.

నవంబర్ 4
ఆ బంతి లావణ్యకు రెండడుగుల దూరంలో పడింది. చూసే ఉంటుంది. ఇవాళ ప్రాక్టీసులో నా మొహం చూడలేదు.

నవంబర్ 5
నజ్నీన్ నాన్న యూసుఫ్ భాయ్ వచ్చాడు. గుడిమల్కాపూర్‌లో పూలమ్మే మనిషి. గులాబీల పొట్లం నా చేతిలో పెట్టాడు.

"బిడ్డ మస్తు ఏడ్సింది మేడమ్. నేనే చెప్పిన — మేడమ్ దిగి చూసిండ్రు, ఇంక షక్ ఏంది, అనుమానం ఏంది అని. ఇంక మీరే ఆట నేర్పియ్యుండ్రి."

ఇప్పుడే చెప్పేయ్, చెప్పేయ్... "ఎల్లుండి పంపండి భాయ్" అన్నాను. ఛీ.

నవంబర్ 6
జట్టు పేర్లు ఎనిమిదిన పంపుతారు. ఈలోపు ఎంపిక చేసేవాళ్లకు ఒక్క ఫోన్ చేసి నిజం చెబితే, జట్టులోకి నజ్నీన్ వెళ్తుంది. ఫోన్ తీశాను. పెట్టేశాను. లావణ్య బాధపడుతుందని సాకు. భయమంతా నా పేరు కోసమే.

నవంబర్ 7
ఇద్దరినీ ఆడించాను. నజ్నీన్ బంతి గీత మీద పడింది.

"అవుట్" అంది లావణ్య. వంగింది. బూటుతో తుడిచేసింది — అచ్చం నాలాగే.

నజ్నీన్ నెట్ దాకా వచ్చి ఆగింది. దాటలేదు. "మేడమ్, మీరే చెప్పుండ్రి."

"గీత మీదే పడింది" అన్నాను. "పాయింట్ నజ్నీన్‌ది."

లావణ్య అప్పుడు చూసింది, సూటిగా నా కళ్లలోకి.

"మరి గా రోజుది, మేడమ్?"