అల్లుడిగారి ఉద్యోగానికి తాళం

యజమాని గది,
తాళాల కార్ఖానా.

మేనేజరుగారికి,

ఇందుమూలంగా నోటీసు ఇస్తున్నాను. మీ చేతుల్లో పడ్డాక ఈ కార్ఖానాలో అమ్మకం పూర్తిగా సన్నగిల్లింది. అమ్మకం లేని చోట ఒక్క రోజు కూడా కలిసి పనిచెయ్యలేం. ఒకసారి పోయిన అమ్మకం కాళ్ళావేళ్ళా పడ్డా తిరిగి రాదు. భార్యాభర్తల మధ్యనైనా, యజమానికీ మేనేజరుకీ మధ్యనైనా అమ్మకమే ముఖ్యం. కాబట్టి రేపటినుంచి మీరు పనిలోకి రానక్కర్లేదు.

ఇట్లు,
యజమాని

తా.క. ఇది కార్ఖానా సంగతి. ఇంట్లో మీరు ఎప్పటిలాగే మా అల్లుడుగారు. భోజనం వేళకి కిందికి దిగి రండి. అలిగి మేడ మీద కూర్చుంటే బావుండదు.

*

మేడ మీది గది,
మీ ఇల్లే.

పూజ్యులైన అత్తయ్యగారికి అల్లుడు నమస్కరించి రాయునది,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేడ మీద మేమిద్దరం క్షేమం. కింద మీరూ క్షేమమేనని మెట్ల మీదుగా వినిపిస్తున్న కేకల వల్ల తెలుస్తూనే ఉంది.

అమ్మకం సన్నగిల్లిందన్నారు. ఎవరు చెప్పారండీ? పక్క వీధిలో దొంగలు పడ్డ దగ్గర్నుంచి, వాళ్ళ పుణ్యమా అని, మన సరుకు కొట్లో నిలవడమే లేదు. పైగా భార్యాభర్తల మధ్య అమ్మకం ముఖ్యమని మీరు రాసింది చదివి, నన్ను ఎంతకి అమ్మచ్చో మీ అమ్మాయి ఆరా తీస్తోంది.

అదలా ఉంచండి. ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యాలంటే ఒక పద్ధతుంది. తప్పేమిటో చెప్పాలి, సంజాయిషీ అడగాలి, ఎటూ మొగ్గని మనిషితో విచారణ చేయించాలి. మీరేమో ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ముందే శిక్ష రాసేశారు. నాకిది చిన్న విషయం కాదు. ఆ కుర్చీ ఉంటేనే నేను మేనేజర్ని. అది పోతే ఒట్టి ఇల్లరికపు అల్లుణ్ణి, మీ బంధువుల మాటల్లో దశమగ్రహాన్ని.

ఇట్లు,
ప్రస్తుతానికి మేనేజరు

తా.క. ఉద్యోగం తీసేసే ప్రతి కాగితం మీదా మేనేజరు సంతకం ఉండాలని మన నిబంధన. పెట్టమంటే పెడతాను. కానీ పెట్టిన మరుక్షణం నేను మేనేజర్ని కాను కనక సంతకం చెల్లదు. చెల్లదు కనక నేను మళ్ళీ మేనేజర్నే. ఆలోచించి చెప్పండి.

*

యజమాని గది.

అల్లుడుగారికి ఆశీస్సులు, మేనేజరుగారికి అక్షింతలు.

నేను చెప్పింది నమ్మకం! న-మ్మ-కం! మిషన్ల మోతలో టైపిస్టమ్మకి మొదటి అక్షరం సరిగ్గా వినపడలేదు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి నేనూ చదవకుండా సంతకం పెట్టేశాను.

పద్ధతి అంటున్నారు కనక పద్ధతిగానే అడుగుతున్నాను. వారం రోజులుగా పొద్దున్నే గిడ్డంగి తలుపు బార్లా తెరిచి ఉంటోందని వాచ్‌మన్ చెప్పాడు. తాళం నోరు తెరుచుకుని కొక్కేనికి వేలాడుతోందట. సాయంత్రం తాళం వెయ్యాల్సింది మీరు. తాళాల కార్ఖానాకి తాళం వెయ్యని మేనేజరు! ఇది బయటికి పొక్కితే మన సరుకు కొనేదెవరు? పోనీ ఆ తలుపుకిచ్చింది మామూలు తాళమా? ఏడాదిపాటు తల బద్దలు కొట్టుకుని నేను స్వయంగా తయారుచేసిన ‘అత్త మార్కు’ తాళం. పట్టిందంటే వదలదు. దాన్ని ఒక్క నొక్కు నొక్కడానికి మీకు చేతులు రాలేదంటే నమ్మకం పోదా? సంజాయిషీ రాయండి.

ఇట్లు,
యజమాని

తా.క. విచారణాధికారిగా మీ మామగారిని వేశాను. ఆయనంత నిష్పక్షపాతి ఈ ఇంట్లో లేరు. పెళ్ళైన దగ్గర్నుంచి ఏ పక్షానా నోరు విప్పలేదు.

*

మేడ మీది గది.

అత్తయ్యగారికి నమస్కారాలు.

సంజాయిషీ రాస్తున్నాను. మన తాళాలు ఎత్తుకుపోయే దొంగ ఒకడున్నాడనుకోండి. వాడికి తాళం కావాలంటే ఇంట్లో దాచుకోవలసిన సొత్తు ఉందన్నమాట. అంటే వాడు దొంగ కాదు, మన ఖాతాదారుడు. ఖాతాదారుడు వస్తే తలుపు మూసేస్తామా?

ఇది నచ్చకపోతే ఇంకోటి ఉంది. మరిచిపోయాను. మొదటి రోజు తాళం వెయ్యడం మరిచాను. రెండో రోజు, మొదటి రోజు మరిచానన్న సంగతి మరిచాను. తప్పంతా నాదే. ఇక విచారణ అక్కర్లేదు. ఈ వయసులో మామగారిని నోరు విప్పమని ఇబ్బంది పెట్టకండి. ముఖ్యంగా ఆ తాళాన్ని సాక్ష్యానికి తీసుకురాకండి. పాపం, దానికేమీ తెలియదు.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క. పద్ధతి ప్రకారం విచారణ కావాలని మొన్న అడిగింది నేనే. ఆ సంగతి కూడా మరిచిపోయాను.

*

యజమాని గది.

అల్లుడుగారికి,

ఆశీస్సులు ఈసారికి లేవు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. మొన్న విచారణ విచారణ అని కాగితం నింపిన మనిషి ఇవాళ విచారణే వద్దంటున్నారంటే దీని వెనక పెద్ద కథే ఉంది. మారు తాళంచెవి ఎవరికిచ్చారు? వెనక వీధి తాళాల వాళ్ళకేనా? నా తాళం గుట్టు తెలుసుకోవడానికి వాళ్ళు ఎంతకైనా తెగిస్తారు. అదే నిజమైతే ఉద్యోగం మాట దేవుడెరుగు, ఇంట్లో కూడా మీ ముఖం చూడను.

ఆదివారం మన భోజనాల గదిలో విచారణ. వాచ్‌మన్ వస్తాడు, తాళం వస్తుంది, మీరూ రండి.

ఇట్లు,
యజమాని

తా.క. మీ ఆవిడ కూడా సాక్ష్యం చెబుతానంటోంది. ఎవరి తరఫునో చెప్పడం లేదు. మనిద్దరం జాగ్రత్తగా ఉండాలి.

*

మేడ మీది గది.

అత్తయ్యా,

ఇది రాస్తున్నది మేనేజరు కాదు. తాళంచెవి నేనెవరికీ ఇవ్వలేదు, మీ అమ్మాయి మీద ఒట్టు. నా ఉద్యోగం తీసేసుకోండి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. నలుగురిలో ఆ తాళం మాత్రం వెయ్యకండి. మీకు దణ్ణం పెడతాను.

మీ అల్లుడు

తా.క. వెయ్యక తప్పదంటారా, మామగారి జలుబు తగ్గేదాకా విచారణ వాయిదా వెయ్యండి.

*

భోజనాల గది.

అల్లుడుగారికి బోలెడన్ని దీవెనలు.

మీరు విచారణకి రాకుండా మేడ మీద గదికి గడియ పెట్టుకు కూర్చున్నారు కనక జరిగింది రాస్తున్నాను.

మీ మామగారు నా తాళాన్ని నొక్కి బల్ల మీద పెట్టారు. వాచ్‌మన్ లాగాడు, అమ్మాయి లాగింది, ఊడి రాలేదు. చూశారా అన్నాను. అంతలో మీ మామగారు తుమ్మారు. తాళం నోరు తెరిచింది. మళ్ళీ వేశాం, మళ్ళీ తుమ్మారు, మళ్ళీ తెరిచింది. “ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నా మాట విన్నది ఇదొక్కటే,” అన్నారాయన. అమ్మాయి నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి జారిపోయింది. మళ్ళీ వేసిన తాళం ఆ నవ్వుకి కూడా తెరుచుకుంది.

అప్పుడు వాచ్‌మన్ తల గోక్కుంటూ, “అమ్మగారూ, రోజూ సాయంత్రం అయ్యగారు తాళం వేసే వెళ్తారండి. తెల్లారుజామున నాకు కాస్త దగ్గొస్తుందండి,” అన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, “తలుపు సంగతి అడిగారు గానీ, అయ్యగారి సంగతి మీరు అడగలేదు కదండీ,” అన్నాడు. అమ్మాయేమో బల్ల కిందనుంచే సాక్ష్యం చెప్పింది. ‘అత్త మార్కు’ తాళాలు ఒక్కటి కూడా బజారుకి పోనివ్వకుండా మీరే ఆపారట. రంగు ఆరలేదని నాతో చెబుతూ వచ్చింది అబద్ధమట!

గిడ్డంగి ఆరోపణ కొట్టేశాం. కానీ ఇంకోటి మిగిలింది. మీరు తాళం వెయ్యలేదని కాదు, నోటికి వేసుకున్నారని. ‘అత్తయ్యా, మీ తాళం పనికిరాదు’ అని ఒక్క మాట అంటే పోయేది కదా! ఆ మాట అనడం కంటే ఉద్యోగం వదులుకోవడమే తేలికని మీకు అనిపించిందంటే, నేను ఎలాంటి మనిషినై ఉంటాను? నమ్మకం పోయింది నాకు కాదు, మీకు. రాస్తుంటే సిగ్గేస్తోంది, ఏడుపూ వస్తోంది.

మేనేజరు మీరే. కాకపోతే కిందికొచ్చి, నా ఎదురుగా నిలబడి, ఆ మాట గట్టిగా చెప్పాలి. నేను అరుస్తాను, నాకది పుట్టుకతో వచ్చిన జబ్బు. మీరు బెదరకుండా మళ్ళీ చెప్పాలి.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. గడియ మాత్రం మీరే తియ్యాలి. మీ మామగారు ఇందాకట్నుంచి మీ గది ముందు నిలబడి తుమ్ముతూనే ఉన్నారు. ఆ తలుపు తెరుచుకోవడం లేదని ఒకటే దిగులు.