ఎవరి పక్కన ఎవరు

గుంటూరు,
1961 జూన్

చెల్లీ లీదియా,

నర్సు ట్రైనింగు పరీక్షకు నిన్ను పిలిచినారని దేవరాజు మామ చెప్పి పంపినాడు. సంతోషం. లెక్కలు నీకు వస్తాయి. కానీ అందులో ఒక చిక్కు ప్రశ్న ఇస్తారు. అయిదుగురు ఒక బెంచీ మీద కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరు అని. చదవంగానే జవాబు వెతకొద్దు. అయిదు గళ్లు గీసి, చోటు ఖాయంగా చెప్పినోళ్లను ముందు రాసుకో. ‘పక్కన కూర్చోరు’ అన్న మాట కూడా ఆధారమే, దాన్ని దాటిపోవద్దు. మిగిలినోళ్లు చివరికి వాళ్లే తేలతారు.

ఇక్కడ ట్రైనింగులో నేను బాగానే ఉన్నాను. మొదట్లో ‘డాక్టరు వచ్చినాడు’ అంటే, ‘వచ్చాడు’ అనాలని తోటి పిల్లలు నవ్వినారు. ‘మీది ఏ దేశం?’ అని అడిగినారు. ‘కొమరోలు’ అన్నాను. అదెక్కడో ఎవరికీ తెలీదు. అప్పటినుంచి పనికి సరిపడా మాటలే ఆడుతున్నాను. ఆదివారం చర్చిలో పాడేటప్పుడే నా గొంతు నాకు వినపడేది.

నువ్వొస్తే ఇద్దరం మన మాట మాట్లాడుకోవచ్చు. నాయన ‘ఒక బిడ్డను పంపింది చాలు’ అంటున్నాడంట గదా. బతిమాలు, ఎదిరించొద్దు. ఆయన వద్దనే అంటే ఆ సంగతి నాకు రాయొద్దు. పరీక్ష పోయిందని రాయి. పరీక్ష మళ్లీ వస్తది గదా, ఇంకో ఏడాది నీకోసం ఎదురుచూస్తాను.

మీ అక్క