లెక్కలో వేయని మాట

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసా. దగ్గు పూర్తిగా తగ్గింది. నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగిందని నీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది.

“పుస్తకమంతా నువ్వే రాస్తూ అందులో ‘నేను’ అనకూడదంటే ఎలాగే?” అని అడిగావు. థీసిస్ ఇంగ్లీషు పద్ధతి అంతేనమ్మా. ‘నేను చూశాను’ అనకూడదు, ‘గమనించబడింది’ అనాలి. మొదట్లో ఏదో దెయ్యం వచ్చి రాసిపోయినట్టు ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

పక్షవాతంతో మాట పడిపోయిన టైలర్ గారి గురించి కూడా అడిగావు. కిందటి ఉత్తరంలో ఆ సంగతి దాటేశాను. ఆయన పోయారమ్మా. రెండోసారి వచ్చింది, తట్టుకోలేకపోయారు. నేను మాటలు నేర్పిన వాళ్లందరిలో ఆయన మీదే నాకు ఆశ ఎక్కువ. థీసిస్‌లో మాత్రం ‘ఒకరి ఆచూకీ తెలియలేదు’ అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఓ నున్నటి వాక్యం రాసి ఊరుకున్నాను.

మా గైడ్ మేడమ్ దాని కింద గీత గీశారు.

“ఆచూకీ తెలియదా?”

“తెలుసు మేడమ్.”

“మరి?”

“పోయారు మేడమ్,” అన్నాను. ఆవిడ మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపి, “తెలిసింది తెలిసినట్టు రాయి. పోయారని రాస్తే ఇంగ్లీషుకేమీ మర్యాద తగ్గదు,” అన్నారు.

రాసే ముందు ఆయన భార్యను చూడాలనిపించి వాళ్లింటికి వెళ్లాను. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన తిరిగి పలికిన మాటలు చెప్పాను: నీళ్లు, దారం, తలుపు.

“‘ఇదిగో’ అని కూడా అనేవారండీ. ఊరికే అంటున్నారనుకుని లెక్కలో వేయలేదు,” అన్నాను.

“ఎప్పుడనేవారు?”

“నేను మాటలు నేర్పేటప్పుడు మీరు గది బయట బెంచీ మీద కూర్చునేవారు కదా, అప్పుడు తలుపు వైపు చూసి అనేవారు.”

ఆవిడ మిషన్ మీది దుప్పటి అంచు సరిచేశారు. “పెళ్లయిన దగ్గర్నుంచీ నన్నలాగే పిలిచేవారు. జబ్బు చేశాక ఇంట్లో నోరే విప్పలేదమ్మా,” అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తిరిగొచ్చి రాశాను. ఒకరు మరణించారు. అంతకుముందు ‘ఇదిగో’ అని తన భార్యను పిలవగలిగారు.

మేడమ్ చదివి, “‘ఇదిగో’ని ఇంగ్లీషులోకి మార్చవా?” అన్నారు.

“మారడం లేదు మేడమ్.”

“అయితే అలాగే ఉంచు.”

ఇట్లు,
నీ చిన్నది