గుమ్మం మీది తాటాకు

ఏమయ్యా, నేను ఉపాధి పనికి పోతున్నా. లారీ దిగి ఆకలి మీద వస్తావని సంగటి గిన్నెలో మూతేసి పెట్టినా, పచ్చడి పక్కనే ఉంది. పాప లేస్తే దానికీ పెట్టు. ఎండలోకి పంపొద్దు. ఆడుకోడానికి తాటాకులు తడిపి వసారాలో పెట్టినా. రెండు ముక్కలు అడ్డంగా అల్లి నడిమధ్య తుమ్మముల్లు గుచ్చితే గాలికి తిరిగే పంకా అవుతుంది. ముల్లు మాత్రం నువ్వే గుచ్చు.

నిన్న ఈ పంకాల దగ్గరే పెద్ద గొడవయింది. వీధి పిల్లలంతా మన వసారాలో చేరి చేసుకుంటా ఉంటే, గుమ్మానికి చెక్కిన తాటాకు కనపడలేదు. మీ అమ్మ చనిపోకముందు, నిరుడు మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి తెచ్చి చెక్కింది, అదే. మన హెప్సిబానే పంకాకని కోసేసిందనుకొని వీపు మీద ఒక్కటి వేసినా. అది ఏడుస్తానే లోపలికి పోయి మీ అమ్మ బైబిలు తెచ్చి తెరిచింది. తాటాకు అందులో చెక్కుచెదరకుండా ఉంది.

"జేజి తెచ్చిన ఆకు ఎవరన్నా కోస్తారేమోనని నేనే దాచినానమ్మా" అనింది.

ప్రాణం లేచొచ్చిందయ్యా. ఆకు మళ్లీ గుమ్మానికి చెక్కినా, చూసుకో. నేను కొట్టింది తప్పని నువ్వేం చెప్పొద్దు. పని నుంచి వచ్చి నేనే చెప్పుకుంటా.

రమ్య

మరిచినా. లారీకి కట్టుకోమని పాప నీకొక పెద్ద పంకా చేసి దాచింది. అమ్మకూ ఒకటి చెయ్యమని నువ్వడుగు. నేనడిగితే చెయ్యదు.