ఒంటిమిట్టలో మోగిన పెట్టె

డోన్,
18-7-1956.

కడప నాటక సమాజం యజమాని ఓబులేసు గారి సముఖానికి,

రామేశ్వరమ్మ నమస్కరించి రాయడమేమంటే, ఇక్కడ నేను, నాతో ఉండే ఈరక్క, నా గొంతు, ముగ్గురమూ క్షేమం. అక్కడ మీరు, మీ సమాజం, మీరు కొత్తగా కొన్న మైకు సెట్టు కూడా క్షేమమే అనుకుంటూ ఉండగా మీ జాబు అందింది. సెట్టుకు మాత్రం ఒంట్లో బాగాలేదని తెలిసింది.

జాబు పైన "చెల్లెలు రామేశ్వరమ్మకు" అని రాశారు. ఆ మాట ఈరక్కకు చదివి వినిపిస్తే, వక్క నమిలేదల్లా ఆపి, "ఇన్నేండ్లకు చెల్లెలు మతికొచ్చిందా ఆయప్పకు? కింద ఏం పని రాసినాడో అది సదువు మ్మా ముందు" అంది. పని కిందే ఉంది. ఒంటిమిట్ట తిరునాళ్ళలో మీరు నా ఆట విన్నారు. బండ్లు విప్పిన చోట నిలబడ్డా నా పద్యం అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. అంతా నా సెట్టు మహిమ అనుకున్నారు. మీ మనిషి సుంకన్నను డోన్ పంపి, ఖాదర్ సాయిబు దుకాణంలో అదే రకం సెట్టు కొనుక్కుపోయారు. తీరా అందులో మీ కృష్ణవేణమ్మ పాడితే, ముందు వరసలు దాటి వినిపించడం లేదు. సాయిబు మోసం చేశాడని, వాడిన పెట్టె అంటగట్టాడని, దాని వెనక పసుపు మరకలున్నాయని రెండు పేజీలు తిట్టారు. చివర, నా సెట్టుకేదో కిటుకుంది, మనలో మనకు దాపరికమేమిటి, చెప్పమన్నారు.

చెప్తాను. కానీ మొదటినుంచీ చెప్తాను. మీరు చివరిదాకా చదవాలి. నా పద్యాన్ని ఆపినట్టు నా జాబును మధ్యలో ఆపకండి.

జమ్మలమడుగు గుర్తుందా? మీకెందుకుంటుంది? దెబ్బ తిన్నదాన్ని నేను. మీ నాయన సుబ్బయ్యగారు పోయి ఏడాది తిరగలేదు. సమాజం మీ చేతికి రాగానే మద్రాసు నుంచి మైకు తెప్పించారు. దానితో అదే మొదటి ఆట. బిడ్డను పోగొట్టుకున్న రాణి ఏడ్చే ఘట్టం, పరికిణీ వయసులో మీ నాయన నాకు నేర్పిన పద్యం. ఎత్తుకున్నాను. పందిరి మీద గొట్టాల్లోంచి వచ్చింది నా గొంతు కాదు. పగిలిన కుండలో గులకరాళ్ళు ఆడించినట్టు ఏదో మోత. జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ, రెండో పాదానికి నేనే సర్దుకునేదాన్ని. మీరు ఆగలేదు. పక్కనుంచి, ఆ మైకుకు కూడా వినపడేటట్టు, "ఎనుము అరిసినట్టుండాది, తెర దించండ్రా" అన్నారు. రాజదర్బారు బొమ్మ వేసిన తెర నా ముఖం ముందు దభీమని పడింది. పద్యం నోట్లోనే ఉండిపోయింది. నా నెత్తిమీద కిరీటం మీ చేత్తోనే తీసి కృష్ణవేణమ్మకు పెట్టారు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. దానిది సన్న గొంతు, మీ గొట్టాలకు సరిపోయింది. నా కోపమంతా మీమీదే, ఇంకా చల్లారలేదు.

పోనీ అంతటితో ఊరుకున్నారా? ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని, ఎవరు నన్ను ఆటకు పిలవబోయినా మీ మాట నాకంటే ముందు చేరేది. రామేశ్వరమ్మకు గొంతు పోయిందప్పా, పాపం, మేమే వైద్యం కూడా చేయించినాం అని. ఏ వైద్యుడండీ? పేరు చెబితే పోయి దండం పెట్టొస్తాను. పాడి బతికేదానికి గొంతు పోయిందని చాటించడం కంటే చచ్చిపోయిందని చాటించినా బాగుండేది. నాలుగు మంచి మాటలైనా అనుకునేవాళ్ళు.

అప్పుడే పట్టుబట్టాను. మీ సమాజం ఏటా ఆడే ఒంటిమిట్టలోనే, నలుగురు ఆటగాళ్ళను కూడగట్టి, మీ పందిరి పక్కనే పందిరి వేయించి, అదే రాణి వేషం కట్టి, మీరు ఆపిన పద్యం పూర్తి చేయాలి. అది కాకపోతే మళ్ళీ ముఖానికి రంగు పూసుకోనని ఈరక్క ముందు ఒట్టు పెట్టుకున్నాను. తీరా తిరునాళ్ళ పెద్దల దగ్గరికి పోతే వాళ్ళది ఒకటే మాట. మైకు సెట్టు లేని సమాజాన్ని ఆటకు పిలిచి తాంబూలం ఇచ్చేది లేదన్నారు. సరే, కొందామని బయలుదేరాను.

కొనడమంటే మీరు కొన్నట్టు కాదు. నాకు ఒకే పెట్టె రెండు పనులకూ రావాలి. ఇంట్లో సాధన చేసుకుంటే పక్కింటివాళ్ళు కర్ర పట్టుకుని రాకూడదు. బయట ఆటకు పోతే కరెంటు లేని ఊళ్ళో మోటారు బ్యాటరీ మీద పనిచేయాలి. బస్సు టాపు మీదికి నేనూ ఈరక్కా ఎత్తగలగాలి. అన్నిటికీ మించి నా గొంతును నా గొంతులాగే పలకాలి. ఇన్ని కోరికలున్నదాని దగ్గర ఉన్న ఆస్తి ఒక్క పాడి ఎనుము.

ఖాదర్ సాయిబు ముందు తళతళలాడే పెద్ద సెట్టు చూపించి, "జబర్దస్త్ మాలు అమ్మా ఇది, ఈడ పాడితే గుత్తిలో వింటారు" అన్నాడు. గ్రామఫోను రికార్డు వేసి వినిపిస్తానన్నాడు. రికార్డు ఏ పెట్టెలోనైనా బాగానే ఉంటుంది సాయిబూ, మా ఈరక్కను వినిపించు అన్నాను. ఈరక్కది కూడా నాలాగే బండ గొంతు. ఆమెను మైకు ముందు కూర్చోబెట్టి, నేను రోడ్డు దాటి జట్కాబండ్ల దగ్గర నిలబడ్డాను. ఏం మాట్లాడాలో తెలియక ఈరక్క ఉల్లిగడ్డల ధరలు, పక్కింటి కోడలి సంగతులు అందుకుంది. ఆ పెద్ద సెట్టు గొట్టాల్లోంచి వస్తుంటే ఆమె మనవరాలు మాట్లాడుతున్నట్టుంది. జట్కావాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జమ్మలమడుగులో నాకేం జరిగిందో అప్పుడు తెలిసింది. ఆ గొట్టాలు దూరం పంపుతాయి గానీ మంద్రం మింగేస్తాయి. లోపం నాలో లేదు. ఆ సంగతి మీరు ఒక్క గడియ ఓపిక పట్టి, పందిరి అవతలికి పోయి వింటే మీకూ తెలిసేది.

రెండోది చవక, తేలిక. కానీ పెంచితే అరుపు, తగ్గిస్తే తుమ్మెద రొద. దానితో సాధన చేస్తే శ్రుతి పెట్టెతో పనిలేదు, అదే గుయ్యిమంటూ ఉంటుంది. మూడోది మూల దుమ్ముకొట్టుకుని ఉంది. చెక్కపెట్టె, గొట్టాలు లేవు, పెట్టెలోనే తట్టంత స్పీకరు. చూడ్డానికి వడ్లగాదెలా ఉంది. అందులోంచి ఈరక్క, "ఏం మ్మా, ఎంతసేపని వాగేది నేను, నోరు నొస్తాండాది" అంటే, అచ్చంగా ఈరక్కే నా చెవి పక్కన కసురుకున్నట్టు వినిపించింది. దూరం తక్కువ పోతుందమ్మా అని సాయిబే చెప్పాడు. పోనీ అన్నాను. నాలుగు బారలు తక్కువ పోయినా పోయేది నా గొంతు కావాలి.

ఎనుమునమ్మి ఆ పెట్టె తెచ్చుకున్నాను. ఈరక్క ముక్కు చీదుతూ, పొద్దున్నే ఎనుముకు పెట్టినట్టే ఆ పెట్టె వెనక పసుపు పూసి బొట్టు పెట్టింది.

ఇక ఒంటిమిట్ట. పొద్దు వాలింది. మీ పందిరి మీద వెదుళ్ళకు నాలుగు గొట్టాలు, నా పందిట్లో ఒక్క చెక్కపెట్టె. దాన్ని చూసి మీవాళ్ళు నవ్వడం నేను తెర సందులోంచి చూశాను. ఆ పద్యం ఎత్తుకున్నాను. మొదటి పాదానికి ముందు వరసల్లో గుసగుసలు ఆగాయి. రెండో పాదానికి మీ పందిట్లోంచి జనం ఈతచాపలు చుట్టి చంకన పెట్టుకుని వస్తున్నారు. నన్ను ఎనుమన్న మాట విని జమ్మలమడుగులో నవ్విన ముసలామె ఒకామె, ముందుకొచ్చి కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంది. పద్యం పూర్తి చేశాను, ఓబులేసు గారూ. మళ్ళీ పాడమని అరిచారు, మళ్ళీ పాడాను. అప్పుడే బండ్ల దగ్గర తువ్వాలు తలకు చుట్టుకుని మీరు కనిపించారు. తువ్వాలు చుట్టుకుంటే మాత్రం ఆ నిలబడే తీరు నాకు తెలియదా?

సంతోషమైందా అని అడగండి. అయింది. తప్పని తెలిసినా అయింది. కడుపు నిండిపోయి ఆ పూట అన్నం ముట్టలేదు. మీ గొట్టాలు ఖాళీ చాపలకు పద్యాలు చెప్పుకుంటుంటే వినడానికి ఎంత హాయిగా ఉందో, అంత హాయి నా జన్మలో ఎరగను.

ఇంకొకటి. సెట్టు కొనడానికి డబ్బు చాలక మీరు తెరలు అమ్మకానికి పెట్టారు కదా. రాజదర్బారు తెరను సుంకన్న డోన్‌లోనే అమ్మిపోయాడు. బేరం సాయిబు చేశాడు కాబట్టి, కొన్నదెవరో సుంకన్నకు తెలియదు. కొన్నది నేను. నా ముఖం మీద పడిన తెర ఇప్పుడు నా ఇంట్లో దండెం మీద ఉంది. ఇక మీదట అది నేను దించమంటే దిగుతుంది, ఎత్తమంటే లేస్తుంది. ఎనుమునమ్ముకున్నదానికి దుడ్లు యాడివి అంటారేమో. అదీ చెప్తాను, తొందరపడకండి.

సాయిబును తిట్టకండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. పెట్టె మంచిదే. బుడిపెలు ఎటు తిప్పాలని అడిగారు. ఎటు తిప్పినా ఒకటే. కృష్ణవేణమ్మకు నా ఆశీస్సులు. ఆమె గొంతును కూడా ఏదో ఒకనాడు ఏదో ఒక జంతువుతో పోల్చి పంపకండి. చెల్లెలు అనే మాట ఇంకెప్పుడూ నాకు రాయకండి.

ఇట్లు,
గొంతు పోయిన
రామేశ్వరమ్మ

మళ్ళీ రాయునది: కిటుకు రాయడం మరిచానని అనుకునేరు. ఒంటిమిట్టలో రంగం మీదికి పోయి రెండు మాటలు మాట్లాడానో లేదో, బ్యాటరీ చచ్చిపోయింది. పెట్టె మీది ఎర్రదీపం ఆరింది. ఈరక్క పక్కనుంచి చేతులూపి ఏడ్వబోతుంటే, నోరు మూసుకో అని కళ్ళతోనే చెప్పాను. ఆట ముగిసేదాకా ఆ పెట్టె కిక్కురుమనలేదు. బండ్ల దగ్గర మీరు విన్నది ఉత్త నా గొంతు.

మరుసటి వారమే, పెట్టె ఏమైనా చెడిందేమో చూడమని సాయిబు దుకాణంలో ఇచ్చాను. చెడలేదు, బ్యాటరీదే తప్పు. అంతలోనే సుంకన్న వచ్చి, ఒంటిమిట్టలో రామేశ్వరమ్మ పెట్టిన సెట్టు కావాలన్నాడట. కొత్తది మద్రాసు నుంచి రావాలి, ఏం చేద్దామని సాయిబు నన్నడిగాడు. అడిగింది ఎవరో తెలుసుకుని, నాదే ఇచ్చెయ్, నా పేరు మాత్రం ఎత్తకు అన్నాను. దానికి నాకు రావలసిన దుడ్లలోంచే మీ తెర కొన్నాను. మీరు కొన్నది అలాంటి పెట్టె కాదు, అదే పెట్టె. ఆ పసుపు ఈరక్క పూసిందే. ఇప్పుడు సెట్టు ఉందా అని నన్ను ఏ ఊరివాళ్ళూ అడగడం లేదు.

ఎండిన పెన్న ఇసుకలో నన్ను నిలబెట్టి, అవతలి గట్టున మేకలు తలెత్తేదాకా పాడమనేవాడు మీ నాయన. మిమ్మల్ని కూడా రమ్మని పిలిచేవాడు. ఎండగా ఉందని మీరు రాలేదు. ఆ కిటుకు మీ ఇంటిదే, ఓబులేసు గారూ.