కెమెరా నేను తీసుకపోతున్న

సాయిప్రియా,

పాలు కాచి మూత పెట్టిన. మీ మామకు టిఫిన్ ముందు షుగర్ గోలి ఇయ్యి. నేను పక్కింటి ఊర్మిళ కార్ల భీముని పాదం జలపాతం కాడికి పోతున్న. నీ కెమెరా తీసుకపోతున్న. పాప ఏడ్పుకు నీకు రెండు దినాల సంది నిద్రలేదు, అందుకే లేపలే.

పెండ్లైన కొత్తల నువ్వు ఆ జలపాతం ఫోటోలు తీసుకుంట అంటే, "కోడలికి అడవిల ఏం పని" అన్న. నువ్వు కెమెరా బీరువాల పెట్టినవు. ఆ మాట నేను అనకుండ ఉండాల్సింది. నువ్వంత ఆశపడ్డ జాగ ఎట్లుంటదో చూసి, పదకొండింటికల్ల వస్త.

మీ అత్తమ్మ

నాకు ఫోటోలు తీయరాదు, చూసి నవ్వకు. వచ్చే ఆదివారం పాపను నేను పట్టుకుంట, నువ్వు పో. నా కొడుకు వరుణ్‌కు నేను చెప్త.